ఐదో కొండ ఎక్కని మనిషి

ఆయన ఫొటో ఒకటి కావాలని ఆయన కూతురు ఫోన్ చేసింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. బొమ్మనహళ్ళి నుంచి, కటింగ్ మాస్టర్ కూతుర్ని అని చెప్పుకుంది. నాన్న పోయి ఆరు రోజులైందని, పదకొండో రోజుకి పటం కట్టించాలని, ఇంట్లో ఉన్నవన్నీ ఆధార్ కార్డు మీద ఉండేలాంటి ఫొటోలేనని చెప్పింది. కొండల మీద మీరంతా ఫొటోలు తీసుకుంటారు కదా, వాటిల్లో కాస్త నవ్వుతూ ఉన్నది ఏదైనా ఉంటే చూడండి అంది. పోయాడన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. అవతల ఆ అమ్మాయి, "మా అమ్మ మీకే చెయ్యమనిందండి," అంది.

బెంగళూరు వర్తూరులో మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని ఆరేళ్ళ ఫొటోలు వెతికాను. ప్రతి శిఖరం మీదా మా గుంపు ఉంది. చేతులు పైకెత్తి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని, గాలికి ఎగురుతున్న జుట్లతో. ఆయన లేడు. ఒకదాంట్లో ఆయన ఎప్పుడూ మోచేతికి తగిలించుకునే గొడుగు పిడి ఉంది. ఇంకొకదాంట్లో, అందరి వెనకా, కొండ వాలు మీద గోధుమ రంగు హాఫ్ స్వెటర్ చుక్కంత కనిపిస్తోంది. ఆయన ఎప్పుడూ చివర నడిచేవాడు. అందరికంటే వెనకబడ్డ మనిషిని వెంటబెట్టుకుని ఆయన శిఖరం చేరేసరికి ఫొటోలు అయిపోయి, ఫోన్లు జేబుల్లోకి వెళ్ళిపోయి, మేము బిస్కెట్లు తింటూ ఉండేవాళ్ళం. మాస్టర్ కూడా వచ్చారు, ఇంకొకటి తీద్దాం అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఆయన ముఖం ఉన్నది ఒకే ఒక్కటి దొరికింది. అది చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఆయన బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ యూనిట్‌లో పని చేసేవాడు. బట్టను పొరల మీద పొరలుగా పొడుగాటి బల్ల మీద పరిచి, సుద్దతో గీత గీసి, మిషన్ కత్తితో అన్ని పొరలూ ఒక్కసారే కోసే పని. ముప్ఫై ఏళ్ళ పైన అదే చేశాడు. మా గుంపును నడిపించే అతను టీషర్టులు కుట్టించడానికి ఆ యూనిట్‌కి వెళ్ళినప్పుడు, ఈయన టేపు కూడా తియ్యకుండా అతని కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి ఉందని చెప్పి, బ్యాగు ఒక్క పక్కే వేసుకుంటావా అని అడిగాడట. ఏ కొండలకు పోతారు మీరంతా అని కూడా అడిగాడట. అతను మాటవరసకు మీరూ రండి మాస్టర్ అన్నాడు. ఆ ఆదివారమే ఈయన కాన్వాస్ బూట్లు వేసుకుని, మోచేతికి గొడుగు తగిలించుకుని, స్టీలు డబ్బాలో చిత్రాన్నంతో బస్సు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇదంతా నేను చేరక ముందు సంగతి. నేను చేరేసరికి ఆయనకు యాభై ఐదు దాటాయి. మిగతా అందరం ముప్ఫైల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ వాళ్ళం.

ఎంత ఏటవాలైనా చేతులు రెండూ వెనక్కి కట్టుకునే నడిచేవాడు. కుట్టు మిషన్ల వరసల మధ్య తిరిగి తిరిగి వచ్చిన అలవాటట. వెనక నడుస్తూ మా భుజాలు చూసేవాడు. ఎవరు ఎంతసేపట్లో అలిసిపోతారో ఆయనకు ముందే తెలిసిపోయేది. "ఎడమ పట్టీ రెండు వేళ్ళు పైకి లాగు మా," అనేవాడు. అంతే లాగితే నడుం నొప్పి తగ్గేది. ఎవరైనా ఊపిరందక ఆగిపోతే ఆయన పదడుగులు వెనకే ఆగి, అటు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని లోయ చూస్తూ నిలబడేవాడు. చూడాలనిపించి తనే ఆగినట్టు. మనం లేచి నడిచేదాకా ఇటు తిరిగేవాడు కాదు. మధ్యలో ఒకసారి గొంతు సవరించుకునేవాడు, నేనున్నాను అని తెలియడానికి.

కొండలెక్కేవాళ్ళందరూ చెప్పే అబద్ధం ఒకటుంది. ఇంకెంత దూరం అని అడిగితే, అదిగో, పది నిమిషాలే అంటారు. ఆయన ఆ మాట ఎన్నడూ అనలేదు. "ఇంకా రెండు గంటలుండాది మా. కూర్చుని నీళ్ళు తాగు," అనేవాడు. మొదట్లో ఒళ్ళు మండేది. పోనుపోను మా గుంపులో అందరం ఎవరేం చెప్పినా వెనక్కి తిరిగి ఆయన్నే అడిగేవాళ్ళం.

నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. మాది చీరాల దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. నాన్న వయసు మనిషిని అంకుల్ అనడానికి నాకు నోరు రాదు. ఆయన వాళ్ళది ములబాగిలు వైపు, తాతల నాడే బెంగళూరు వచ్చేశారు. వాళ్ళిళ్ళల్లో చిన్నాయన అంటారట. "బాబాయ్ అంటే ఏదో నాటకంలో పిలిచినట్టుండాది," అని మొదటిసారి నవ్వాడు. తర్వాత ఎప్పుడైనా నేను రాకపోతే, మా పాప రాలేదా ఈసారి అని అందరినీ అడిగేవాడట.

మేము ఏడాదికొకసారి, వానలు వెనకబట్టాక, పడమటి కనుమల్లో ఒక కొండల వరుసకి వెళ్ళేవాళ్ళం. ఒక కాఫీ తోట వెనక నుంచి ఎక్కాలి. ఐదు శిఖరాలు ఒకదాని వెంట ఒకటి, వాటిని కలుపుతూ సన్నటి గట్టు. చాలా చోట్ల కాలిబాట ఒక్క మనిషి పట్టేంతే. రెండు పక్కలా గడ్డి జారుతూ పోయి కింద అడవిలో కలుస్తుంది. పొద్దున్నే బయల్దేరి ఐదూ ఎక్కి, వెలుతురుండగానే దిగిపోవాలి. పైన రాత్రి ఉండనివ్వరు. అందుకని ఎవరి కోసమూ ఎక్కువసేపు ఆగే వీలుండదు. నడవలేనివాళ్ళు అడ్డదారిన తోటలోకి దిగిపోవాలి. ఒంటరిగా మాత్రం దిగకూడదు, తోడు ఒకరుండాలి. ప్రతి ఏడూ ఆ తోడు ఆయనే అయ్యేవాడు. ఎవరూ ఆయనకి ఆ పని అప్పజెప్పలేదు. వెనకబడ్డవాళ్ళ పక్కన ఉండేది ఆయన కాబట్టి, అడిగే అవసరం కూడా రాలేదు. ఒక ఏడు పిక్కలు పట్టేసిన మనిషితో రెండో శిఖరం నుంచి దిగాడు. ఒక ఏడు వాంతులు చేసుకుంటున్న ఒకావిడతో మొదటి దాని నుంచే. నేను చేరిన ఏడు, నాతో.

మూడో శిఖరం దాటాక గట్టు బాగా సన్నబడే చోటుంది. అక్కడ నా కాళ్ళు బిగుసుకుపోయాయి. కూలబడి రెండు చేతులతో గడ్డి పట్టుకున్నాను. ముందువాళ్ళు కాసేపు పిలిచారు, ధైర్యం చెప్పారు, తర్వాత వాళ్ళ టైము వాళ్ళది కదా, వెళ్ళిపోయారు. వెనక గొంతు సవరించుకున్న చప్పుడైంది. ఆయన దగ్గరికి రాలేదు. పదడుగుల దూరంలో కూర్చున్నాడు. నేను ఏడుస్తూ ఏదో చెప్పబోతే, సుమ్నే, ఊరికే కూర్చో మా, తొందరేమీ లేదు అన్నాడు. తర్వాత ఎప్పటికో, "కింద చూడొద్దు అని నేను చెప్పను," అన్నాడు. "చూడు. ఎంత లోతుండాదో చూసుకుంటే భయం అంతే ఉంటాది. చూడకుంటేనే పెరగతాది."

చూశాను. భయం పోలేదు గాని గడ్డి వదలగలిగాను. కూర్చునే జరుగుతూ వెనక్కి వచ్చాను.

అడ్డదారిన కాఫీ చెట్ల మధ్య దిగుతుంటే నాకు సిగ్గేసింది. నా వల్ల మీకూ పోయింది బాబాయ్, మీకు పైకి వెళ్ళాలని ఉండదా అని అడిగాను. నాకేముందిలే అంటాడనుకున్నాను. అలా అంటే నా మనసు తేలికపడేది. ఆయన ఆగాడు. "ఏమిటికుండదు మా. ఉండాది. శానా ఉండాది," అని మళ్ళీ నడిచాడు.

ఐదో శిఖరం మీద నుంచి, ఆకాశం తేటగా ఉన్న రోజున, పడమర దిక్కున సముద్రం కనిపిస్తుందని ఎవరో చెప్పారట. ఆయన సముద్రం చూడలేదు. "నేను కోసిన అంగీలు ఎన్ని దేశాలకు పోయినాయో. అన్నీ ఓడల్లోనే పోయినాయంట," అన్నాడు. మంగళూరు ఒక్క బస్సు దూరమే కదా, ఎప్పుడైనా వెళ్ళి చూడొచ్చు కదా అన్నాను. బస్సెక్కిపోతే ఎవరైనా చూస్తారు, నడిచిపోయి చూడాలి అన్నాడు. ఆ మొండితనం ఆయనకు నప్పలేదనిపించింది నాకు. అన్నిటికీ సరేననే మనిషికి అదొక్కటే పట్టుదల.

తర్వాతి ఏడు నాకు వెళ్ళడం కుదరలేదు. ఆయన మళ్ళీ ఎవరితోనో దిగిపోయాడని తెలిసింది. ఆ పై ఏడు వాన పట్టుకుని అందరం వెనక్కి తిరిగాం. ఏదో ఒకటి అడ్డం పడుతూనే వచ్చింది. అలా పోయిన నవంబరు వచ్చింది.

శనివారం మధ్యాహ్నం బస్సులో ఆయన నా పక్కన కూర్చున్నాడు. హాఫ్ స్వెటర్ భుజాల దగ్గర వదులైపోయింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. ఇన్నేళ్ళ బట్టల నూగంతా లోపలికి పోయి కూర్చుందని, ఇంక కొండలెక్కొద్దని డాక్టరు చెప్పాడట. ఈ ఒక్కసారి పోయొస్తానంటే వాళ్ళావిడ రెండు రోజులు మాట్లాడలేదట. చివరికి ఆవిడే డబ్బా కట్టి ఇచ్చిందట. అదంతా నవ్వుతూనే చెప్పాడు.

"ఈసారి ఎవరు ఆగిపోయినా మీరు దిగొద్దు బాబాయ్," అన్నాను. "నేను దిగుతాను. మాటిస్తున్నా."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి, "సరే మా," అన్నాడు. ఇంకొకరి చేతిలో పని పెట్టి కూర్చోవడం అలవాటు లేని మనిషి అన్న మాటలా ఉంది అది.

ఆ ఏడు నేను మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయిని వెంట తీసుకొచ్చాను. ఇరవై మూడేళ్ళు ఉంటాయి. చివర నేనూ ఆ పిల్లా నడిచాం. ఆయన మొదటిసారి గుంపు మధ్యలో నడిచాడు, చేతులు వెనక్కి కట్టుకుని, ప్రతి ఇరవై అడుగులకీ ఆగుతూ. మూడో శిఖరం దాటాక ఆ సన్నటి చోట నేను కిందికి చూశాను, దాటాను. ఆయన అవతల నిలబడి చూస్తున్నాడు. నాలుగో శిఖరం మీద మొట్టమొదటిసారి ఆయన అందరితో పాటు ఉన్నాడు. ఆ ఫొటో తీసింది నేనే. వరసలో చివర, టోపీ చేత్తో పట్టుకుని, పళ్ళు కనబడేలా నవ్వుతూ. నాకు దొరికిన ఒక్క ఫొటో అదే.

నాలుగో శిఖరం దిగి ఐదో దాని పాదం దగ్గరికి వస్తుండగా నేను తీసుకొచ్చిన పిల్ల కాలు మడతపడింది. మడమ చూస్తుండగానే వాచింది. ఎదురుగా ఐదో శిఖరం. మహా అయితే నలభై నిమిషాలు. మమ్మల్ని నడిపించే అతను టైము చూసుకుని, ఎవరు దిగుతారు అని అడిగాడు.

చెప్పాల్సిన మాట నాకు తెలుసు. అది నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ శిఖరం నేనూ ఎక్కలేదు. ఆరేళ్ళుగా ఎక్కలేదు. ఈ రోజు నా కాళ్ళు వణకలేదు. ఇంకెవరైనా అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు. ఆయన నా వైపు ఒకసారి చూశాడు. నేను వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాను. అది ఊడిపోయి లేదు.

గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. తలెత్తేసరికి ఆయన ఆ పిల్ల పక్కన కూర్చుని తన తువ్వాలు చింపి మడమకి కడుతున్నాడు. ఆ పిల్ల భుజం కింద చెయ్యేసి లేపాడు. నా పక్క నుంచి వెళ్తూ, "పోయిరా మా," అన్నాడు. "చూసొచ్చి చెప్పు."

నేను వెళ్ళాను.

సగం ఎక్కేసరికి మంచు కమ్ముకుంది. పైకి చేరాక, చాచిన చెయ్యి కూడా సరిగ్గా కనపడలేదు. పడమర ఏదో తూర్పు ఏదో తెలియలేదు. రాళ్ళ గుట్ట ముందు నిలబడి ఫొటో తీసుకున్నాం. అందులో నేను నవ్వుతూనే ఉన్నాను.

సాయంత్రం తోట గేటు దగ్గర ఆయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ పిల్ల కాలు ఆయన బ్యాగు మీద పెట్టుకుని వేడి నీళ్ళ సీసా ఆనించుకుని ఉంది. నేను ఆయన్ని తప్పించుకుని బస్సు వైపు నడవబోయాను. పిలిచాడు.

"కనపడిందా మా?"

"కనపడింది బాబాయ్."

అంతటితో ఆపి ఉండొచ్చు. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఏ రంగుందని అడిగాడు. మా ఊరి ఒడ్డున చిన్నప్పటి నుంచి చూసిందంతా తెచ్చి చెప్పాను. దగ్గర బూడిద రంగు, దూరం పోయేకొద్దీ తెలుపు, ఎండ పడిన చోట జరీలా మెరుస్తోందన్నాను. "అంచు నేరుగా ఉండాదా, వంకరగానా?" అని అడిగాడు. నేరుగా ఉంది, స్కేలు పెట్టి గీసినట్టుంది అన్నాను. ఓడలున్నాయా అంటే ఒకటుంది, చుక్కంత, కదులుతోందో లేదో తెలియడం లేదన్నాను. ఆయన కళ్ళు మూసుకుని తలాడించాడు. "బాగుండాది," అన్నాడు. దూరం గురించి ఒక్క అబద్ధం ఆడని మనిషికి నేను సముద్రమంత అబద్ధం చెప్పాను. బస్సులో నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత ఆయన ముఖం చూడడానికి నాకు మనసు రాలేదు. రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మతో శుభోదయం అని మెసేజ్ పెట్టేవాడు. నేను దణ్ణం బొమ్మ పెట్టేదాన్ని. కారులో మంగళూరు తీసుకెళ్ళి చూపించాలని అనుకున్నాను. ఒకసారి సెలవు దొరకలేదు, ఒకసారి ఆఫీసు పని, ఒకసారి ఏమీ లేదు, ఊరికే వెళ్ళలేదు. మే నెలలో మెసేజ్‌లు ఆగిపోయాయి. ఆగిపోయాయని తెలుస్తూనే ఉంది. ఫోన్ చెయ్యలేదు. జూలైలో ఆయన పోయాడు.

ఆ నాలుగో శిఖరం ఫొటోలో ఆయన్ని విడిగా తీయించి, పటం కట్టించి, పదో రోజున నేనే బొమ్మనహళ్ళి తీసుకెళ్ళాను. హోసూరు రోడ్డు వెనక సందులో రెండు గదుల ఇల్లు. కూతురు బజారుకి వెళ్ళింది. ఆయన భార్య నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, పటం ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"నవ్వుతా ఉండాడు," అంది.

నాకు ఇంక లోపల దాచుకోవడం చేతకాలేదు. పిన్నీ, ఆ రోజు పైన మంచు తప్ప ఏమీ లేదు, నేను బాబాయ్‌కి అబద్ధం చెప్పాను అన్నాను. ఆవిడ పటం మీద నుంచి తలెత్తలేదు.

"ఆయప్పకు తెలుసు మా. కింద తోటలోనించి చూస్తే పొద్దుగూకే దాకా ఆ కొండ తల మబ్బులోనే ఉండాదంట."

ఎనిమిది నెలల్లో ఆ మాట నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆయన మూడు గంటలు ఆ కొండకి ఎదురుగా కూర్చున్నాడు.

"తెలిసి నన్నెందుకు అడిగారు?"

"నేనూ అదే అడిగితి. ఆ పాప నా మొగం చూడలేకుండా వస్తా ఉండె, ఏదో ఒకటి చెప్పేస్తే దానికి తేలికవుతాదని అడిగినా అనె ఆయప్ప." ఆవిడ కొంగుతో పటం అద్దం తుడిచింది. "నువ్వు చెప్పిందంతా నాకు చెప్పె. రంగు, జరీ, ఓడ. రెండు మూడు తూర్లు చెప్పె. బాగా చెప్పింది మా పాప అనె."

నేను ఏడ్చాను. ఆవిడ వద్దనలేదు, ఓదార్చలేదు. నేను తగ్గేదాకా ఆగి, మెల్లగా అడిగింది.

"ఆ పొద్దు నువ్వు దిగుంటే, ఆయప్ప పైకి పోయుండునా?"

చెప్పడానికి చాలా ఉన్నాయి. ఆయన ఊపిరి సంగతి. ఆఖరి నలభై నిమిషాల నిట్టనిలువు ఎక్కుడు. మంచు. అన్నీ ఈ ఎనిమిది నెలలుగా నాకు నేను చెప్పుకున్నవే.

"వెళ్ళేవారు పిన్నీ."

"మబ్బులో ఏమీ కనపడుండదు."

"కనపడేది కాదు."

"అయినా పోయుండును కదా."

"వెళ్ళేవారు."

ఆవిడ తలూపింది. ముఖంలో కోపమేమీ లేదు. పటాన్ని గోడకి ఆనించి పెట్టి, నేను తాగని కాఫీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, చల్లారిపోయింది, వేడి చేసి తెస్తానని లోపలికి వెళ్ళింది. స్టవ్ వెలిగించిన చప్పుడు వినపడింది. ఆవిడ చాలాసేపటి దాకా బయటికి రాలేదు.